తలకి రెండు పౌన్ల మిరియాలు

1101 మే నెలలో, యెరూషలేము కోసం యూరపు క్రైస్తవులు చేసిన క్రూసేడు యుద్ధాల్లో, పాలస్తీనా తీరంలోని కైసరయ పట్నాన్ని కొల్లగొట్టాక ఇటలీ రేవుపట్నం జెనోవా ఓడలవాళ్లు ఒడ్డున కూర్చుని సొమ్ము పంచుకున్నారు. ముందు నాయకుల వాటా పక్కన పెట్టారు. గ్యాలీల (తెడ్ల ఓడల) పేరు మీద పదిహేనో వంతు తీశారు. మిగిలినదాన్ని 8,000 మందికి పంచితే తలకి 48 పొయిటూ సొలిడీలు (అప్పటి ఫ్రాన్సు డబ్బు), రెండు పౌన్ల మిరియాలు వచ్చాయి. ఈ లెక్క రాసిపెట్టినవాడి పేరు కఫారో. ఆ ఓడల్లో వెళ్లిన కుర్రాళ్లలో ఒకడు. తర్వాత జెనోవాలో పెద్ద పదవులు చేసి, ముసలితనంలో ఊరి చరిత్ర రాసి పాలకుల చేతుల్లో పెట్టాడు. మిరియాలంటే ఆ రోజుల్లో ఎక్కువగా మన మలబారు సరుకే. ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టుకి, అక్కణ్ణుంచి ఆ తీరపు గోడౌన్లకి చేరినది.

నాది విశాఖలో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర ఉద్యోగం. పాతికేళ్లుగా నా చేతిమీదుగా పోయినవన్నీ బిల్ ఆఫ్ ఎంట్రీలు, డెలివరీ ఆర్డర్లు, డెమరేజి (ఆలస్యానికి కట్టే రుసుము) తగాదాలు. దేవుడి పేరు చెప్పి బయల్దేరినవాళ్ల కథ చదువుతూ "పదిహేనో వంతు" అన్న మాట దగ్గర ఆగిపోవడం నా వృత్తిదోషం అనుకోండి. హిస్టరీ లెక్చరరుగా రిటైరైన మా బావకి ఈ లెక్క చెప్తే పగలబడి నవ్వాడు. "నీకు రామాయణం చెప్పినా వారధి టెండరు ఎవడికొచ్చిందని అడుగుతావురా" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే అని నా ఉద్దేశం.

బావ పాఠంలో క్రూసేడు రాజ్యాల పుట్టుక మూడు ముక్కల్లో అయిపోతుంది. 1095లో పోపు రెండో అర్బన్ పిలుపు, మూడేళ్ల నడక, 1099 జూలై 15న యెరూషలేము పతనం. పరీక్షకి సరిపోతుంది. నేననేది ఏంటంటే, ఆ రోజు వాళ్ల చేతికొచ్చింది ఒక ఊరు మాత్రమే. రాజ్యం పుట్టింది ఆ తర్వాత పాతికేళ్లలో, సముద్రం ఒడ్డున, ఒక్కో రేవూ ఒక్కో ఒప్పందంతో. ఆ ఒప్పందాల్లో ఏం రాసుకున్నారో అదే చివరిదాకా ఆ రాజ్యాల జాతకం.

బైబిలు పరిచయం ఉన్నవాళ్లకి ఈ తీరం కొత్త కాదు. దక్షిణం నుంచి పైకి వెళ్తే అష్కెలోను, యొప్పే, కైసరయ, హైఫా, తర్వాత ఏకర్, తూరు, సీదోను, బీరూట్, గెబలు, ట్రిపోలీ. ఇంకా పైన అంతియొకయకి రేవు. ఏకర్‌ని అరబ్బులు అక్కా అంటారు. నేనూ అక్కా అనే రాస్తాను, మన నోటికి సుఖం. 1099 వేసవిలో క్రూసేడు సైన్యం ట్రిపోలీ నుంచి కైసరయ దాకా ఉన్న ఊళ్ల పక్కనుంచీ నడిచి వెళ్లిపోయింది. ఏ ఒక్కదాన్నీ ఆగి పట్టుకోలేదు. ట్రిపోలీ అమీరు డబ్బిచ్చాడు, దగ్గరున్న ఖైదీల్ని వదిలాడు, పంపించేశాడు. మిగతావాళ్లలోనూ కొందరు అదే దారి పట్టారు. చుట్టాలొస్తే భోజనం పెట్టి బస్సెక్కించినట్టు.

అంటే యెరూషలేము చేతికొచ్చేనాటికి వాళ్లకున్న సముద్రద్వారం ఒక్క యొప్పే. అదీ ఈజిప్టు దండు తనే ఖాళీ చేసి పోయిన ఊరు. ఆ జూన్‌లో అక్కడ ఆగిన జెనోవా ఓడల మీదకి ఈజిప్టు ఓడలు వస్తే, తప్పించుకోలేక, గుగ్లియెల్మో ఎంబ్రియాకో అనే నాయకుడు తన గ్యాలీల్ని విప్పేసి ఆ కలప, తాళ్లు, మేకులు ఒంటెల మీద కొండెక్కించాడు. యెరూషలేము గోడల్ని దాటించిన చెక్క బురుజుల్లో ఆ ఓడ కలప ఉంది. కొండ మీది ఊరు కూడా ఓడలు లేకుండా దొరకలేదు.

గెలిచాక చాలామంది మొక్కు తీరిందని ఇళ్లకి వెళ్లిపోయారు. యెరూషలేము పాలకుడుగా ఎన్నుకున్న గాడ్‌ఫ్రీ ఏడాదికే చనిపోయాడు. తమ్ముడు బాల్డ్విన్ 1100 క్రిస్మస్ నాడు బేత్లెహేములో కిరీటం పెట్టుకున్నాడు. ఆయన వెంట ఉన్న మతాధికారి ఫుల్చర్ ఆ రోజుల గురించి రాస్తూ, యెరూషలేము, యొప్పే, రామ్లా, హైఫా అన్నిటినీ కాయడానికి 300 మంది గుర్రపు యోధులు, అంతే మంది కాల్బలం ఉన్నారంటాడు. మా పోర్టు గేట్ల దగ్గర షిఫ్టుకి అంతకంటే ఎక్కువ మంది ఉంటారేమో. ఈ బలగంతో రాజ్యం అనడానికి ధైర్యం కావాలి.

మనుషులు రావాలంటే ఓడలో రావాలి. అంత దూరం కాలినడకన మళ్లీ బయల్దేరిన 1101 నాటి గుంపులు దారిలోనే అనటోలియాలో తుడిచిపెట్టుకుపోయాయి. కాబట్టి సముద్రమే దిక్కు. కానీ యొప్పే మంచి రేవు కాదు. ఓడలు బయట లంగరేసుకుని పడవల్లో మనుషుల్ని దింపాలి. విశాఖకి 1933లో లోపలి హార్బరు వచ్చేదాకా మనకీ అదే బతుకు కాబట్టి నాకు ఊహించుకోవడం కష్టం కాలేదు. 1102 అక్టోబరులో సీవుల్ఫ్ అనే యాత్రికుడు అక్కడ దిగాడు. ఇవాళే దిగిపోదాం, రేపు సముద్రం ఎలా ఉంటుందో అని ఎవరో అంటే సాయంత్రానికే ఒడ్డుకి చేరి పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి హోరు, ఒడ్డున ఏడుపులు. లంగరు తాళ్లు తెగిన ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకుని రాళ్ల మీద పగిలిపోతున్నాయి. యాత్రికులతో, సరుకుతో నిండిన 30 పెద్ద ఓడల్లో మిగిలినవి ఏడు. వెయ్యిమందికి పైగా పోయారని రాశాడు.

రెండో సమస్య ఈజిప్టు. కైరో నుంచి దాన్ని ఏలే ఫాతిమీ ఖలీఫాలకి మంచి నౌకాదళం ఉంది. గ్యాలీ అంటే తెడ్లవాళ్లతో నడిచే ఓడ. మనుషులు ఎక్కువ, నీళ్లు పెట్టుకునే చోటు తక్కువ. నాలుగు రోజులకోసారి ఎక్కడో ఒడ్డున నీళ్లు నింపుకోకపోతే కదలదు. తూరు, సీదోను, బీరూట్ వాళ్ల వైపు ఉన్నంతకాలం ఈజిప్టు ఓడలు ఈ తీరం పొడవునా తిరగగలవు. ఒక్కో రేవూ పోయేకొద్దీ ఆ దళానికి తాడు పొట్టిదవుతుంది. ఇది యుద్ధవ్యూహం అంటే బావ ఒప్పుకుంటాడు. మంచినీళ్ల లెక్క అంటే ఒప్పుకోడు. రెండూ ఒకటే.

రాజుకి రేవులు కావాలి, ఓడలు లేవు. ఓడలు ఉన్నవాళ్లు జెనోవా, పీసా, వెనిస్. వాళ్లు ఊరికే రారు.

మొదటి కాగితం 1098 జూలైలోనే రాసుకున్నారు. అంతియొకయ తనదన్న క్రూసేడు నాయకుడు బోహెమండ్ జెనోవావాళ్లకి ఒక చర్చి, ఒక గోడౌను, ఒక బావి, 30 ఇళ్లు రాసిచ్చాడు. బావితో సహా రాయించుకోవడం చూడండి, నీళ్ల విలువ ఓడవాడికే తెలుసు. 1100లో వెనిస్ వాళ్లు గాడ్‌ఫ్రీతో, కలిసి పట్టుకున్న ప్రతి ఊళ్లో మూడో వంతు అన్నారు. 1101లో బాల్డ్విన్ జెనోవాతో అలాంటిదే కుదుర్చుకుని అర్సూఫ్, కైసరయ పట్టుకున్నాడు.

కైసరయలో జరిగింది మిరియాల లెక్కలో కనపడదు. పెద్ద మసీదులోకి పారిపోయినవాళ్లని అక్కడే నరికేశారు. ప్రాణభయంలో బంగారు నాణేలు నోట్లో దాచుకున్నవాళ్ల మెడ మీద గుద్దితే నాణేలు బయటికి రాలాయని ఫుల్చరే రాశాడు, పెద్దగా సిగ్గుపడకుండా. నేను వాటాలు, ఒప్పందాలు అంటూ మాట్లాడుతుంటే ఇదేదో శుభ్రమైన వ్యాపారం అనిపించకూడదు. 1104 మేలో అక్కా లొంగినప్పుడు, సామాన్లతో క్షేమంగా వెళ్లిపోవచ్చని రాజు ఊరివాళ్లకి మాటిచ్చాడు. మూటలు నెత్తిన పెట్టుకుని బయటికొస్తున్నవాళ్లని చూసి ఓడలవాళ్లు ఆగలేక మీద పడి చంపి దోచుకున్నారు. రాజుకి కోపం వచ్చింది. కోపం వచ్చి ఏం చేస్తాడు? మర్నాడు మళ్లీ ఆ ఓడలే కావాలి. జెనోవాకి రాబడిలో మూడో వంతు, వీధి అందాయి.

ట్రిపోలీ దగ్గర కాస్త ఆగుతాను. నా వాదనకి దీనికంటే మంచి సాక్ష్యం లేదు, నాకు ఇష్టమైన మొండి ముసలాయన కూడా ఇక్కడే ఉన్నాడు. సెయింట్ గిల్స్ రేమండ్, దక్షిణ ఫ్రాన్సులో టులూజ్ ప్రభువు. క్రూసేడు నాయకులందరిలోకీ వయసులో పెద్ద, డబ్బున్నవాడు. అంతియొకయ బోహెమండ్‌కి పోయింది, యెరూషలేము గాడ్‌ఫ్రీకి పోయింది, ఈయనకి ఏమీ మిగల్లేదు. 1102లో జెనోవా ఓడల సాయంతో టార్టోసా పట్టుకుని అక్కణ్ణుంచి ట్రిపోలీ మీద కన్నేశాడు. అప్పటి ట్రిపోలీ సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల మీది ఊరు. మూడు వైపులా నీళ్లు. బనూ అమ్మార్ వంశం ఏలుబడిలో దారుల్ ఇల్మ్ అనే గొప్ప గ్రంథాలయం ఉండేది. నేల వైపు దారి మూసేసినా ఓడల్లో తిండిగింజలు, బలగం వస్తూనే ఉంటాయి.

రేమండ్ ఊరికి ఎదురుగా, మూడు కిలోమీటర్ల లోపల, కొండ మీద కోట కట్టుకుని కూర్చున్నాడు. కలప, పనివాళ్లు సైప్రస్ నుంచి బైజాంటియం చక్రవర్తి పంపాడు. ఊరు చేతిలో లేకుండానే ట్రిపోలీ ప్రభువునన్నాడు. భార్య ఎల్విరా ఆ కోటలోనే కొడుకుని కంది. 1105 ఫిబ్రవరి 28న ఆ కొండ మీదే చనిపోయాడు. బనూ అమ్మార్ మనుషులు కోట కింద ఇళ్లకి నిప్పు పెట్టినప్పుడు తగిలిన గాయాలతో పోయాడని అరబ్బు చరిత్రకారుల మాట. రోజూ పొద్దున్నే కోట గోడ మీద నిలబడితే తనది కాని ఊరూ, ఆ ఊరికి తిండి మోసుకొస్తున్న తెరచాపలూ కనపడేవి. ఆయన దగ్గర అన్నీ ఉన్నాయి, సరిపడా ఓడలు తప్ప.

ట్రిపోలీ అమీరు ఫఖ్ర్ అల్ ముల్క్ కష్టం కూడా తక్కువేం కాదు. 1108లో కానుకలు పట్టుకుని సాయం అడగడానికి స్వయంగా బగ్దాదు వెళ్లాడు. సుల్తాను ఘనంగా మర్యాద చేశాడు, సైన్యం మాత్రం రాలేదు. ఆయన తిరిగొచ్చేలోగా ఊరివాళ్లు విసిగి ఈజిప్టుని పిలిచి ఊరప్పగించేశారు. 1109లో రేమండ్ పెద్ద కొడుకు బెర్ట్రాండ్ జెనోవా ఓడలతో దిగాడు. అప్పటిదాకా కోట కాచిన చుట్టం విలియం జోర్డాన్‌తో ఆస్తి తగాదా. బాల్డ్విన్ వచ్చి పెద్దమనిషి తీర్పు చెప్పి పంచిపెట్టాడు. కొన్నాళ్లకే విలియం జోర్డాన్ ఎవరో వేసిన బాణానికి పోయాడు, గొడవే లేదు. జూలై 12న ట్రిపోలీ లొంగింది. నేల మీంచి ఏడేళ్లు కాని పని సముద్రం వైపు మూసేశాక ఒక్క వేసవిలో అయిపోయింది. గ్రంథాలయం దోపిడీలో పోయింది. ఈజిప్టు నుంచి బయల్దేరిన ఓడలు ఎదురుగాలిలో చిక్కుకుని ఎనిమిది రోజులు ఆలస్యంగా వచ్చాయని దమాస్కసు చరిత్రకారుడు ఇబ్న్ అల్ ఖలానిసీ రాశాడు. ఎనిమిది రోజుల లేటుకి మా దగ్గరైతే డెమరేజి కట్టి ఊరుకుంటాం.

బెర్ట్రాండ్ జెనోవాకి ట్రిపోలీలో మూడో వంతు, గెబలు పట్నం రాశాడు. గ్యాలీలు విప్పి యెరూషలేముకి కలప మోయించిన ఎంబ్రియాకో గుర్తున్నాడా? ఆ ఇంటివాళ్లే తరతరాలు గెబలుకి ప్రభువులయ్యారు. ఓడ పగలగొట్టుకుంటే ఊరొచ్చింది.

ఇక్కడ బావ ఒక మంచి దెబ్బ కొట్టాడు. 1110లో సీదోను పట్టుకోవడానికి నార్వే రాజు సిగుర్డ్ దాదాపు 60 ఓడలతో వచ్చాడు. అంత సాయం చేసినందుకు క్రీస్తు సిలువదని నమ్మే చెక్కలోంచి చిన్న పేడు అడిగి పుచ్చుకున్నాడు. ఊళ్లో వాటా లేదు, వీధి లేదు. "దీన్ని నీ బిల్లులో ఏ కాలమ్‌లో వేస్తావు?" అన్నాడు.

వేయలేను. అంతకంటే ఇబ్బందిపెట్టేది జెనోవావాళ్ల దగ్గరే ఉంది. కైసరయలో వాళ్లకి ఒక ఆకుపచ్చ గిన్నె దొరికింది. ఆరు పలకల పెద్ద పళ్లెం లాంటిది. ఒకే పచ్చలోంచి తొలిచిందనుకున్నారు. పంపకంలో చాలా పెద్ద మొత్తానికి లెక్కగట్టుకుని మరీ తీసుకున్నారు. మిరియాలు అమ్ముకున్నవాళ్లు ఆ గిన్నెని అమ్మలేదు. ఊళ్లో సాన్ లొరెంజో చర్చిలో పెట్టి, వచ్చిన గొప్పవాళ్లందరికీ చూపించుకున్నారు. క్రీస్తు చివరి విందులో వాడిన పాత్ర అదేనన్న నమ్మకమూ తర్వాత దానికి చేరింది. 1806లో నెపోలియన్ మనుషులు పారిస్ పట్టుకుపోయారు. 1816లో తిరిగొచ్చేటప్పటికి ముక్కలైంది. ముక్కల్లో తేలిందేమిటంటే, అది గాజు. అతికించి ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంచారు, ఒక ముక్క మాత్రం లేదు.

కాబట్టి భక్తి అబద్ధం, వ్యాపారం నిజం అని నేననను. ఓడ చేయించినవాడికి రెండూ ఒకే తలలో ఉన్నాయి. తిరుపతి వెళ్లే లారీ ఖాళీగా ఎందుకు వెళ్లాలని సరుకు ఎక్కించుకునేవాడి భక్తిని మనం శంకిస్తామా? నేననేది వేరు. భక్తి ఎంతమందినైనా తీసుకొస్తుంది, ఎక్కడివరకైనా తీసుకొస్తుంది. వచ్చినవాళ్లు నిలబడాలంటే చేసుకున్న ఏర్పాటు మాత్రం రాతకోతల్లో ఉంది. సిగుర్డ్ చెక్కముక్కతో నార్వే వెళ్లిపోయాడు. జెనోవావాడు వీధితో ఉండిపోయాడు.

ఆ రాతకోతల్లో పరాకాష్ఠ తూరు ఒప్పందం. 1123లో, మొదటి బాల్డ్విన్ తర్వాత రాజైన రెండో బాల్డ్విన్ తుర్కుల చెరలో ఉన్నాడు. వెనిస్ డోజ్ (ఆ ఊరి అధినేత) డొమెనికో మికియెల్ పెద్ద నౌకాదళంతో వచ్చి అష్కెలోను దగ్గర ఈజిప్టు ఓడల్ని చిత్తు చేశాడు. ఇప్పుడు ఏ ఊరి మీద పడాలి? యెరూషలేము వైపు ప్రభువులు అష్కెలోను అన్నారు, అక్కా వైపువాళ్లు తూరు అన్నారు. ఎవరి గుమ్మం ముందు శత్రువుంటే వాళ్లకి ఆ ఊరు. తేలకపోతే చీట్లేశారు. రెండు చీట్లు చర్చిలో బలిపీఠం మీద పెట్టి, తల్లీ తండ్రీ లేని ఒక పసివాణ్ణి తీయమన్నారు. వాడి చేతికి తూరు వచ్చింది. ఫలితంగా అష్కెలోను ఇంకో 29 ఏళ్లు, అంటే 1153 దాకా, ఈజిప్టు చేతిలోనే ఉండి దక్షిణాన్ని పీడించింది.

రాజు లేడు కాబట్టి సంతకం పెట్టింది మతపెద్ద వార్మండ్. వెనిస్‌కి తూరులో మూడో వంతు. రాజ్యంలోని ప్రతి ఊళ్లో ఒక చర్చి, వీధి, స్నానాల గది, రొట్టెల పొయ్యి, పన్ను లేకుండా. వాళ్లలో వాళ్ల తగువులకి వాళ్ల కోర్టు. వాళ్ల తూకాలు, వాళ్ల కొలతలు. పైగా తూరు రాబడిలోంచి ఏటా 300 బెజంట్లు (బంగారు నాణేలు) డోజ్‌కి. 1124 జూలై 7న తూరు లొంగింది. రాజు చెరనుంచి వచ్చి చూసుకునేసరికి తన రాజ్యంలో ఇంకో రాజ్యం. చిన్నచిన్న మార్పులతో ఒప్పుకోక తప్పలేదు. 130 ఏళ్ల తర్వాత అక్కాలో జెనోవా వీధికీ, వెనిస్ వీధికీ మధ్య ఒక మఠం ఆస్తి గురించి మొదలైన పేచీ ఏళ్ల తరబడి యుద్ధంగా నడిచి ఊరిని గుల్లచేసిందంటే దాని విత్తనం ఈ కాగితాల్లోనే ఉంది.

రేవు పెద్దదా, గుడి పెద్దదా అన్నదానికి కాలమే లెక్క తేల్చింది. యెరూషలేము, అంతియొకయ, ట్రిపోలీ, ఎడెస్సా అనే నాలుగు రాజ్యాల్లో మొదట పుట్టింది ఎడెస్సా, 1098లో. తీరం లేదు. 1144లో మొదట పోయిందీ అదే. ఈజిప్టు, సిరియాల సుల్తాను సలాహుద్దీన్ 1187లో హత్తిన్ దగ్గర గెలిచి యెరూషలేము తీసేసుకున్నాడు. కానీ తూరు దొరకలేదు. 1191లో అక్కా మళ్లీ ఫ్రాంకుల (యూరపు క్రూసేడర్ల) చేతికొచ్చింది. ఆ తర్వాత ఇంకో వందేళ్లు "యెరూషలేము రాజ్యం" అన్న పేరుతోనే, మధ్యలో 15 ఏళ్లు తప్ప యెరూషలేము లేకుండా, అక్కా రాజధానిగా ఒడ్డుని పట్టుకుని బతికింది. గుడి పోతే వందేళ్లు బతికిన రాజ్యం రేవు పోతే ఒక్క ఏడాది కూడా బతకలేదు. 1291 మే 18న అక్కా పడింది. ఆ వేసవి దాటకముందే మిగిలిన ఊళ్లూ ఖాళీ చేశారు.

బావకి ఇంకొకటి చదివి వినిపించాను. 1184లో స్పెయిన్ ముస్లిం యాత్రికుడు ఇబ్న్ జుబైర్ దమాస్కసు నుంచి అక్కా వచ్చాడు. సలాహుద్దీన్‌కీ ఫ్రాంకులకీ యుద్ధం నడుస్తూనే ఉంది, వర్తకుల బిడారులు తిరుగుతూనే ఉన్నాయి. నేరుగా తీసుకెళ్లింది కస్టమ్స్ ఆఫీసుకే. గుమ్మం ముందు తివాచీ పరిచిన అరుగుల మీద క్రైస్తవ గుమస్తాలు. ముందు బంగారు నగిషీ చేసిన నల్లచేవ సిరాబుడ్లు. రాసేదీ మాట్లాడేదీ అరబ్బీ. ఆఫీసు మొత్తం ఒకాయన పెద్ద మొత్తానికి గుత్తకి తీసుకున్నాడు. సరుకేమీ లేదన్నవాళ్ల మూటలు కూడా విప్పి చూశారట, మర్యాదగానే. ఇది చదివాక నేనైతే వాళ్లని గుర్తుపట్టేశాను. ఏడేళ్లు యుద్ధాల గురించి చదివినా కలగని చుట్టరికం ఆ సిరాబుడ్ల దగ్గర కలిగింది. వీధుల్లో కంపు భరించలేమనీ రాశాడు. తిరిగి వెళ్లడానికి మళ్లీ జెనోవావాడి ఓడే ఎక్కాడు.

రేవుల సంగతి అందరికంటే బాగా అర్థం చేసుకున్నది తర్వాత ఈజిప్టుని ఏలిన మమ్లూకులు. పట్టుకున్న రేవుల్ని ఏలుకోకుండా చాలాచోట్ల గోడలు, హార్బర్లు పడగొట్టేశారు. మళ్లీ ఇంకో ఓడ వచ్చి వాటా అడక్కుండా. 1289లో సుల్తాను ఖలావూన్ ట్రిపోలీని తీసుకుని సముద్రంలోకి చొచ్చుకున్న ఆ పాత ఊరిని నేలమట్టం చేశాడు. కొత్త ఊరు లోపలగా, కొండ కింద కట్టించాడు. ఏ కొండ? రేమండ్ కోట ఉన్న కొండ. ఊరు దక్కకుండా పోయిన ముసలాయన గుమ్మంలోకి 184 ఏళ్ల తర్వాత ఊరే నడిచొచ్చింది. ఇవాళ్టికీ లెబనాన్‌లో ఆ కోటని సంజీల్ కోట అంటారు, సెయింట్ గిల్స్ అక్కడి నోళ్లలో అలా నలిగింది. పాత ఊరున్న చోటు పేరు అల్ మీనా. అరబ్బీలో మీనా అంటే రేవు.